ప్లాస్టిక్ గొట్టం పాసైతే ఉక్కు గొట్టం పాసైనట్టు కాదు

పెట్రోలియం, సహజవాయువు నియంత్రణ బోర్డు చైర్‌పర్సన్ గారికి,



నేను కోల్‌కతాలో లోహాల పరీక్షల పని చేసుకుంటున్న తెలుగువాణ్ణి. ఈ ఉత్తరాన్ని ఇంగ్లీషులో రాసి మీ ఢిల్లీ ఆఫీసుకు పోస్టు చేసి ఊరుకోవచ్చు. తెలుగు పత్రికలో రాస్తున్నానంటే, ఇది మీరొక్కరే చదవాల్సింది కాదని నా ఉద్దేశం. తాటిపాకలో గ్యాస్ లైను పక్కనే కొబ్బరి తోట ఉన్న రైతు చదవాలి. శ్రీకాకుళం నుంచి ఒడిశాలోని అంగుల్ దాకా లైను దారిలో పొలం ఉన్నవాళ్ళు చదవాలి. ఇక్కడ హుగ్లీ ఒడ్డున టిటాగఢ్ జూట్ మిల్లుల చుట్టూ తరాల కిందటే స్థిరపడిన మనవాళ్ళూ చదవాలి.

విషయం సూటిగా చెప్తాను. సహజవాయువులో హైడ్రోజన్ కలపడానికి మీ బోర్డు అనుమతి శాతాల్లో ఇస్తోంది. ఎక్కువ పీడనంతో నడిచే ఉక్కు పైపులైన్ల దగ్గరికి వచ్చేసరికి ఆ లెక్క పనికిరాదు. ఆ లైన్లలో ఉన్న ఉక్కునీ, దాని వెల్డులనీ హైడ్రోజన్ వాయువులోనే పరీక్షించి, ఫలితాలు జనం ముందు పెట్టేదాకా అలాంటి ఏ లైనుకూ అనుమతి ఇవ్వకండి.

2022 జనవరిలో ఇండోర్‌లో గెయిల్ సంస్థ సిటీ గ్యాస్‌లో హైడ్రోజన్ కలపడం మొదలుపెట్టింది. 2023 జనవరిలో సూరత్ దగ్గర కవాస్‌లో ఎన్టీపీసీ, గుజరాత్ గ్యాస్ కలిసి టౌన్‌షిప్ వంటిళ్ళకు హైడ్రోజన్ కలిపిన గ్యాసు ఇచ్చాయి. మీరు అక్కడ 5 శాతంతో మొదలుపెట్టి, దశలవారీగా 20 శాతం దాకా వెళ్ళవచ్చన్నారు. తర్వాత 8 శాతం వరకూ కలిపారు. స్టవ్వులు బాగానే వెలిగాయి. అదే నెలలో జాతీయ గ్రీన్ హైడ్రోజన్ మిషన్‌కు కేంద్ర మంత్రివర్గం ఆమోదం వచ్చింది. ఇన్ని వేల కిలోమీటర్ల గ్యాస్ లైన్లు ఇప్పటికే నేలలో ఉన్నాయి కదా, హైడ్రోజన్‌కు వేరే గొట్టాలెందుకు, వీటిలోనే కొంత కలిపి పంపుదాం అన్న ఆలోచన ఎవరికైనా వస్తుంది. ఆలోచన తప్పని నేను అనను. కవాస్‌ను సాక్ష్యంగా చూపించడమే తప్పు.

కవాస్ లాంటి చోట వంటింటి గ్యాసు ప్రధానంగా ప్లాస్టిక్ గొట్టాల్లో నడుస్తుంది. సిటీ గ్యాస్‌లో ఆ గొట్టాల పీడనం 4 బార్‌కు మించదు; ఇంటి గుమ్మం దాటేసరికి అది బార్‌లో యాభయ్యో వంతుకు వచ్చేస్తుంది. ప్లాస్టిక్‌ను హైడ్రోజన్ పెళుసుగా మార్చదు. ఊళ్ళను దాటుకుంటూ పోయే ట్రంకు లైన్ల సంగతి వేరు. అక్కడ గొట్టం ఉక్కుది, పీడనం 90 బార్ ప్రాంతంలో ఉండవచ్చు. లోహానికి శాతాలు తెలియవు. దాని గోడ మీద హైడ్రోజన్ ఎంత పీడనంతో ఆనుకుని ఉందన్నదే దానికి తెలుసు. 90 బార్‌లో 5 శాతమంటే హైడ్రోజన్ వాటా నాలుగున్నర బార్లు. ప్లాస్టిక్ గొట్టంలో 8 శాతం కలిపినా, వాతావరణ పీడనంతో సహా లెక్క కట్టినా, దాని వాటా అర బార్ కూడా కాదు. చిన్న శాతం పెట్టి పెద్ద లైనుకు అనుమతి ఇస్తే, పెద్ద శాతం కలిపిన చిన్న లైనుకన్నా పది రెట్లు ఎక్కువ హైడ్రోజన్‌ను ఉక్కు మీదికి తోలినట్టవుతుంది. అనుమతి పత్రంలో శాతం పక్కన ఈ వాటా, అంటే పాక్షిక పీడనం అంకె కూడా రాయమని అడగడం పెద్ద కోరిక కాదనుకుంటాను.

కోల్‌కతా నుంచి ఈ మాట అంటుంటే ఎవరో ఒకరు తప్పక ఓ ఎదురుప్రశ్న వేస్తారు. హైడ్రోజన్ ఈ ఊరికి కొత్తా? కాదు. 1853లో పుట్టిన ఓరియంటల్ గ్యాస్ కంపెనీ 1857లో కలకత్తా వీధుల్లో గ్యాస్ దీపాలు వెలిగించింది. బొగ్గును మూసిన బట్టీల్లో వేడిచేసి తీసిన వాయువు అది. అలాంటి బొగ్గు గ్యాసులో దాదాపు సగం హైడ్రోజనే. ఆ కంపెనీ తర్వాత ప్రభుత్వం చేతికి వచ్చింది, గ్రేటర్ కలకత్తా గ్యాస్ సప్లై కార్పొరేషన్ అయింది, డంకుని బొగ్గు కాంప్లెక్సు నుంచి గ్యాసు తెచ్చి ఇళ్ళకూ హోటళ్ళకూ ఇచ్చింది. ఇప్పుడదే గెయిల్‌తో కలిసి బెంగాల్ గ్యాస్ కంపెనీ పెట్టి సహజవాయువు పంపిణీకి దిగింది. అంటే 5 శాతం కాదు, 50 శాతం హైడ్రోజన్‌తో ఈ మహానగరం వందేళ్ళకు పైగా కాపురం చేసింది. ఎక్కడా గొట్టాలు పెళుసెక్కి పగిలిన కథ లేదు.

నిజమే. కాకపోతే ఆ గొట్టాలు లావుపాటి పోత ఇనుపవి, లోపలి పీడనం నామమాత్రం. గోడ మీద పడే లాగుడు లెక్కలోకి రానంత తక్కువ. హైడ్రోజన్ ఒక్కటే ఉంటే పగులు రాదు. దానికి లాగుడు తోడవ్వాలి, లోహం అందుకు అనువైన రకమై ఉండాలి. పాత కలకత్తాలో ఈ మూడింటిలో ఒకటే ఉంది. కొత్త ట్రంకు లైన్లలో మూడూ ఒకేచోట చేరవచ్చు.

ఈ కొత్త ఉక్కు గురించి పాఠకులకు కొంచెం చెప్పాలి. పైపులైన్ల ఉక్కును ఎక్స్42, ఎక్స్52, ఎక్స్70, ఎక్స్80 అని పిలుస్తారు. ఎక్స్70 అంటే చదరపు అంగుళానికి 70 వేల పౌన్ల లాగుడు దాకా శాశ్వతంగా సాగకుండా నిలవగలదని. మెట్రిక్‌లో 485 మెగాపాస్కల్స్. ఇల్లు కట్టుకున్నవాళ్ళకు తెలిసిన ఎఫ్‌ఈ 500 టీఎంటీ కడ్డీ బలం 500. అంటే బలంలో మేడ స్లాబులోని కడ్డీకీ, దేశాన్ని దాటే గ్యాస్ లైనుకూ పెద్ద తేడా లేదు. తేడా అంతా మిగతా గుణాల్లో ఉంది. పైపు ఉక్కులో కార్బన్ బాగా తగ్గించి, చిటికెడు నియోబియం, వెనేడియం, టైటానియం కలిపి, ఎంత వేడి దగ్గర ఎంత రోలింగ్ చేయాలో చూసి చేసి, లోపలి రేణువులను బాగా సన్నగా చేస్తారు. బలం పెరుగుతూనే వెల్డింగుకు లొంగుతుంది, దెబ్బకు తట్టుకుంటుంది. ఇరవయ్యో శతాబ్దపు లోహశాస్త్రం సాధించిన మంచి పనుల్లో ఇదొకటి అని నా అభిప్రాయం.

అంత బలం ఎందుకంటే, డబ్బు కోసం. 36 అంగుళాల గొట్టం, 92 బార్ పీడనం, జనం పలచగా ఉండే చోట వాడే 0.72 డిజైన్ గుణకం (అంటే ఉక్కు బలంలో వాడుకోదగిన వాటా) తీసుకోండి. ఎక్స్52తో చేస్తే గోడ మందం 16 మిల్లీమీటర్ల పైచిలుకు కావాలి. ఎక్స్70కి 12 చాలు. మీటరుకు దాదాపు 90 కిలోల ఉక్కు మిగులుతుంది. వెయ్యి కిలోమీటర్లకు 90 వేల టన్నులు. హౌరా బ్రిడ్జిలో ఉన్న ఉక్కు మొత్తం 26,500 టన్నులే. వెయ్యి కిలోమీటర్ల లైను మీద గ్రేడు మార్చినందుకే మూడు హౌరా బ్రిడ్జిలు మిగులుతుంటే ఏ సంస్థ మాత్రం వద్దంటుంది? ఉత్తరప్రదేశ్, బీహార్, ఝార్ఖండ్, బెంగాల్, ఒడిశాలను కలుపుతూ 2016 అక్టోబరులో వారణాసిలో శంకుస్థాపన చేసుకున్న ఊర్జా గంగ లాంటి పథకాలు ఇలాంటి ఉక్కు లేకపోతే కాగితం దాటేవి కావు. ఆ లైనులో దోభి నుంచి దుర్గాపూర్ దాకా 348 కిలోమీటర్ల ముక్కను 2021 ఫిబ్రవరిలో హల్దియాలో జాతికి అంకితం చేశారు. అది కోల్‌కతా వైపుగా రావలసిన లైనే.

పీడనం అలాగే ఉంచి గోడ పలచన చేస్తే గోడలోని ప్రతి మిల్లీమీటరూ ఎక్కువ లాగుడు మోస్తుంది. బలం పెరిగింది కాబట్టి మోస్తుంది. కానీ బలం వేరు, పగులును ఆపే దృఢత్వం వేరు. కోల్‌కతా మట్టి కప్పులో టీ తాగి కింద పడేస్తే అది పెంకులై పోతుంది. స్టీలు గ్లాసు పడితే సొట్ట పోతుంది. హైడ్రోజన్ ఉక్కు గుణాన్ని మెల్లగా ఆ మట్టి కప్పు వైపు జరుపుతుంది. పైకి ఏ తేడా కనపడదు. హైడ్రోజన్‌లో ఉంచిన ఉక్కును లాగి చూస్తే బలం అంకె దాదాపు మునుపటిలాగే వస్తుంది. తగ్గేది సాగుడు, తెగేముందు సన్నబడే గుణం, పగులు ముందుకు పోకుండా నిలవరించే శక్తి. మిల్లు నుంచి పైపుతో పాటు వచ్చే టెస్టు సర్టిఫికెట్‌లో ఉన్న అంకెలన్నీ మామూలు గాలిలో తీసినవి. ఆ కాగితం ఎంత నిఖార్సయినదైనా ఈ ప్రశ్నకు జవాబు అందులో లేదు.

ఈ సంగతి కొత్తగా కనిపెట్టిందేమీ కాదు. 1875లో విలియం జాన్సన్ అనే ఆయన రాయల్ సొసైటీకి ఒక పత్రం సమర్పించాడు. ఆమ్లంలో నానిన ఇనుప తీగ పెళుసుగా విరుగుతోందనీ, విరిగిన చోట తడిపితే బుడగలు వస్తున్నాయనీ, కొన్నాళ్ళు అలాగే వదిలేస్తే తీగ మళ్ళీ కోలుకుంటోందనీ రాశాడు. లోపల దూరింది హైడ్రోజన్ అని అప్పుడే పట్టుకున్నాడు. పరమాణువుల్లో అతి చిన్నవాటిలో ఒకటి హైడ్రోజన్ పరమాణువు. ఉక్కు స్ఫటికాల సందుల్లోంచి తిరుగుతూ, ఎక్కడ లాగుడు ఎక్కువగా ఉందో అక్కడికి, అంటే పగులు మొన దగ్గరికే వెళ్ళి చేరుతుంది.

ఆరంభంలో ఆ పగులు ఉండటం తప్పు కూడా కాదు. గోరంత లోపం లేని పైపులైను లోకంలో లేదు. ఆ గోరంత ఎంత వేగంగా పెరుగుతుందన్నదే ప్రశ్న. గ్యాస్ లైనులో పీడనం రోజూ పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. రాత్రి లైను ప్యాక్ చేస్తారు, పగలు వాడకం పెరిగితే ఖాళీ అవుతుంది. పీడనం ఒకసారి పెరిగి తగ్గినప్పుడల్లా పగులు ఒక వెంట్రుకవాసి ముందుకు జరుగుతుంది. హైడ్రోజన్ ఉంటే ఆ నడక పది రెట్లు, కొన్ని స్థితుల్లో అంతకు మించీ పెరుగుతుందని అమెరికాలోని శాండియా లాంటి ప్రయోగశాలల్లో చాలాసార్లు తేలింది. ఎక్స్52 అయినా ఎక్స్70 అయినా ఈ విషయంలో పెద్ద తేడా కనపడకపోవడం నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది. బలహీనమైన గ్రేడు వాడితే గండం గడుస్తుందనుకోవడానికీ లేదు. గ్రేడు సంగతి ముఖ్యమయ్యేది వెల్డుల దగ్గర, గట్టిపడిన చోట్ల.

హైడ్రోజన్ పైపులైన్లు అసాధ్యమని ఎవరైనా నా మాటలకు అర్థం తీస్తారేమో, అది కాదు. జర్మనీ రూర్ ప్రాంతంలో 1938 నుంచీ హైడ్రోజన్ లైను నడుస్తోంది. అమెరికాలో రెండున్నర వేల కిలోమీటర్లకు పైగా ఉన్నాయి. అవి ఎక్కువగా తక్కువ గ్రేడు ఉక్కుతో, తక్కువ లాగుడుతో, పీడనం పెద్దగా ఊగకుండా నడిచేవి. అమెరికా మెకానికల్ ఇంజనీర్ల సంఘం హైడ్రోజన్ లైన్ల కోసం ప్రత్యేకంగా రాసిన కోడ్‌లో ఒక ముచ్చటైన ఏర్పాటు ఉంది. ఉక్కును హైడ్రోజన్‌లో పరీక్షించకపోతే ఊరికి దూరంగా ఉన్న లైనుకు కూడా డిజైన్ గుణకం 0.5 మించకూడదు. పరీక్షించి చూపిస్తే 0.72 దాకా పోవచ్చు. పరీక్ష చేస్తే లాభం, చేయకపోతే నష్టం అని డబ్బుతోనే చెప్పించారు. మన నియమాల్లోకి తెచ్చుకోవలసిన మాట ఇది. సహజవాయువు కోసం 0.72 మీద కట్టిన లైనును పరీక్ష లేకుండా హైడ్రోజన్ మిశ్రమానికి వాడతామంటే, ఆ లెక్కన పీడనం దాదాపు మూడో వంతు తగ్గించుకోవాలి. ఆ తగ్గుదలకు ఏ కంపెనీ సిద్ధంగా ఉందో చెప్పమనండి.

ఇక మొదట్లో అన్న తాటిపాక ఉన్న కోనసీమ సంగతికి వస్తాను.

2014 జూన్ 27 తెల్లవారుజామున మామిడికుదురు మండలం నగరం గ్రామంలో గెయిల్ సంస్థ 18 అంగుళాల లైను తెగింది. తాటిపాక నుంచి కొండపల్లి వైపు విద్యుత్తు కేంద్రానికి వెళ్ళే గ్యాసు అది. రాత్రి చల్లదనానికి నేల మీదే పరుచుకున్న గ్యాసు పొద్దున ఎక్కడో రాజుకున్న నిప్పుతో అంటుకుంది. నిద్రలో ఉన్నవాళ్ళూ, లేచి పరుగెత్తినవాళ్ళూ కలిసి 20 మందికి పైగా పోయారు. కొబ్బరి చెట్లు నిలువునా మాడిపోయిన ఫొటోలు ఇప్పటికీ తెలుగువాళ్ళ కళ్ళలో ఉన్నాయి. విచారణలో తేలింది చెప్పడానికి నాలుగు మాటలు చాలు. పొడి గ్యాసు కోసం వేసిన లైనులో తడి గ్యాసు పారించారు. నీటిని తీసేసే డీహైడ్రేషన్ యూనిట్ పెట్టలేదు. నీరు, కండెన్సేటు, కార్బన్ డయాక్సైడు కలిసి గొట్టాన్ని లోపలినుంచి తినేశాయి.

అది హైడ్రోజన్ పగులు కాదు, తుప్పు. రెండూ ఒకటేనని నేను కలపడం లేదు. కానీ పరిపాలన వైపు నుంచి చూస్తే జరిగిన పొరపాటు ఒక్కటే. గొట్టం ఒక వాయువు కోసం కొన్నారు, దానిలో ఇంకో వాయువు పంపారు. ఉక్కు బలం పత్రాల్లో ఏముందో అదే ఉంది. దాని చుట్టూ ఉన్న పర్యావరణం మారింది, ఆ మార్పును ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. హైడ్రోజన్ కలపడం కూడా, ఎంత మంచి ఉద్దేశంతోనైనా, గొట్టంలోని వాయువును మార్చడమే. అందుకే నగరం ప్రమాదం గుర్తున్నవాళ్ళం కొంచెం ముందుగానే గొంతెత్తుతున్నాం.

ప్రపంచంలో డబ్బున్నవాళ్ళు కూడా ఇదే తరహాలో దెబ్బతిన్నారు. కజకిస్తాన్ దగ్గర కాస్పియన్ సముద్రంలో కాషగాన్ అనే మహా చమురు క్షేత్రం 2013 సెప్టెంబరులో ఉత్పత్తి మొదలుపెట్టి అక్టోబరుకల్లా మూతపడింది. ఆ గ్యాసులో హైడ్రోజన్ సల్ఫైడు చాలా ఎక్కువ. అది తేమతో కలిసి ఉక్కులోకి హైడ్రోజన్‌ను తోలింది. వెల్డుల దగ్గర గట్టిపడిన చోట్ల పగుళ్ళు వచ్చాయి. చమురు లైనూ గ్యాస్ లైనూ కలిపి దాదాపు 200 కిలోమీటర్ల గొట్టాలు మార్చి, 2016లో గానీ మళ్ళీ తెరవలేకపోయారు. అంతర్జాతీయ చమురు కంపెనీల్లో పెద్దవి కొన్ని ఆ కన్సార్టియంలో ఉన్నాయి. తెలియక కాదు, వెల్డు పక్కన సన్నని పట్టీ ఎంత గట్టిగా ఉందో ప్రతి చోటా చూసుకోలేకపోయారు. సల్ఫైడున్న చోట వెల్డు గట్టితనం 250 వికర్స్ దాటకూడదని ప్రమాణాలు దశాబ్దాలుగా చెప్తూనే ఉన్నాయి.

అంతకన్నా పాతది 1965 మార్చిలో అమెరికా లూసియానా రాష్ట్రం నాకిటష్‌లో జరిగింది. గ్యాస్ లైను పగిలి 17 మంది చనిపోయారు. బయటి పూత ఊడిన చోట నేలలోని రసాయనాలూ లోపలి పీడనమూ కలిసి తెచ్చిన పగులు అది. మూడేళ్ళకు, 1968లో, అమెరికాలో గ్యాస్ పైపులైన్ల భద్రతకు మొదటి సమాఖ్య చట్టం వచ్చింది.

బెంగాల్ నేల గురించి మీకు వేరే చెప్పాలా? గంగ మేట వేసిన మెత్తటి బంకమట్టి, రెండు మూడు అడుగుల్లోనే నీరు, హల్దియా వైపు పోతే ఉప్పు. వానల్లో నేల ఉబ్బుతుంది, ఎండల్లో కుంచించుకుపోతుంది. గొట్టం మీది పూత లాగుళ్ళకు లోనవుతుంది. గాలి అందని బురదలో సల్ఫేటును తిని హైడ్రోజన్ సల్ఫైడును వదిలే బ్యాక్టీరియా కాపురముంటుంది. గొట్టానికి తుప్పు పట్టకుండా కేథోడిక్ ప్రొటెక్షన్ ఇస్తారు, సైటులో అందరూ సీపీ అంటారు. రాగి-రాగి సల్ఫేటు కొలతలో మైనస్ 0.85 వోల్టులు దాటితే రక్షణ, మైనస్ 1.2 దాటి పోతే ఆ విద్యుత్తే గొట్టం మీద హైడ్రోజన్ పుట్టిస్తుంది. రక్షణ ఎక్కువైనా కీడే. దీనికి తోడు కోల్‌కతా మెట్రో 1984 నుంచి 750 వోల్టుల డీసీ మూడో పట్టా మీద నడుస్తోంది. ట్రాములు 1902 నుంచీ డీసీవే. పట్టాల నుంచి నేలలోకి జారిన కరెంటు దగ్గరలో ఉన్న ఉక్కు గొట్టాన్ని దారిగా చేసుకుంటుంది. బయటికి వచ్చే చోట లోహాన్ని తినేస్తుంది, లోపలికి దిగే చోట సీపీ అంకెలను తారుమారు చేస్తుంది. మెట్రో కొత్త దారులు పట్టిన కొద్దీ ఈ పటం మారుతూ ఉంటుంది. ఏటా ఒకసారి రీడింగ్ తీసి ఫైల్లో పెడితే సరిపోదు.

ఇక్కడి జనానికి చుట్టూ ఉన్న గాలీ మురికీ ఉక్కును ఏం చేస్తాయో హౌరా బ్రిడ్జి నేర్పింది. పాన్ ఉమ్ములకు వేలాడే కడ్డీల అడుగు భాగం పలచబడుతోందని 2011లో పోర్టు ట్రస్టు వాటికి ఫైబర్‌గ్లాసు తొడుగులు వేయించింది. కంటికి కనపడే చోట కాబట్టి పట్టుకున్నారు. నాలుగడుగుల లోతులో ఉన్నదాన్ని చూడటానికి గొట్టం లోపల నడిచే పిగ్ అనే పరికరం పంపాలి.

అందులోనూ ఒక మెలిక ఉంది. లైన్లలో మామూలుగా పంపే ఇంటెలిజెంట్ పిగ్ అయస్కాంతంతో తుప్పును, మందం తగ్గుదలను కనిపెడుతుంది. గొట్టం పొడవునా సన్నగా, మూసుకుని ఉన్న పగులు దాని కంటికి ఆనదు. గ్యాస్ లైనులో అలాంటి పగులు కోసం ఈమాట్ అనే వేరే రకం పరికరం పంపాలి, దానికి ఖర్చెక్కువ. "పిగ్గింగ్ చేశాం, లైను బాగుంది" అని ఎవరైనా మీ ముందు నివేదిక పెడితే ఏ పిగ్ అని అడగండి.

వెల్డుల గురించి ఒక్క సంగతి చెప్పకుండా వదలలేను. పైపులైను సైటుల్లో అతుకు మొదటి పొరకు, అంటే రూట్ పాస్‌కు సెల్యులోజ్ రాడ్లు వాడటం పాత అలవాటు. చకచకా పని అవుతుంది, కానీ ఆర్కులో బోలెడు హైడ్రోజన్ పుడుతుంది. ఎక్స్70 పైపుకు వెల్డుకు ముందు ఇచ్చే వేడి (ప్రీహీట్) తగ్గించినా, రెండో పొర (హాట్ పాస్) ఆలస్యం చేసినా, లో-హైడ్రోజన్ రాడ్లను ఓవెన్ బయట పెట్టి మర్చిపోయినా, వెల్డు చల్లారాక గంటలకో, మర్నాటికో దానంతటదే పగిలే ప్రమాదం ఉంటుంది. ఆషాఢ, శ్రావణ మాసాల్లో కోల్‌కతా గాలి పిండితే నీళ్ళు కారేటట్టుంటుంది. ఆ గాలిలో పనిచేసే వెల్డర్ల చేతిలోనే ఉంది ఈ లైన్ల ఆయుష్షు. గోల్డెన్ జాయింట్ల మాట సరేసరి. నీటి పీడన పరీక్షకు (హైడ్రోటెస్టుకు) అందని ఆ చివరి అతుకులకు ఎక్స్‌రే, అల్ట్రాసోనిక్ తప్ప వేరే సాక్ష్యం ఉండదు. సహజవాయువుకు పర్వాలేదనుకుని వదిలేసిన ఒక చిన్న గట్టి మచ్చ హైడ్రోజన్ చేరితే ప్రమాదంగా మారవచ్చు.

ఇంకొకటి, ఊరు పెరుగుతుంది. లైను వేసిన రోజున పొలం. పదేళ్ళకు ప్లాట్లు, ఇరవై ఏళ్ళకు అపార్టుమెంట్లు. జనం పెరిగిన కొద్దీ డిజైన్ గుణకం 0.72 నుంచి 0.4 దాకా తగ్గాలని నియమాలు ఉన్నాయి. రాజార్హాట్ వైపూ డంకుని వైపూ వెళ్ళి చూస్తే అక్కడ నిన్నటి మ్యాపు ఇవాళ పనికిరాదు. హైడ్రోజన్ సంగతి ఆలోచించేటప్పుడు 2016 నాటి సర్వే పటం ముందు పెట్టుకోకండి.

పరీక్షలు ఎక్కడ చేయాలన్న ప్రశ్న వస్తుంది. విదేశాలకు పోనక్కర్లేదు. ఖరగ్‌పూర్‌లో 1951 నుంచి ఐఐటీ ఉంది. శిబ్‌పూర్‌లో, జాదవ్‌పూర్‌లో లోహశాస్త్రం పాతుకుపోయిన విభాగాలున్నాయి. జంషెడ్‌పూర్‌లో జాతీయ లోహశాస్త్ర ప్రయోగశాల 1950లో మొదలైంది. అలీపూర్ నేషనల్ టెస్ట్ హౌస్ వయసు వందేళ్ళ పైమాటే. హైదరాబాదులో రక్షణ లోహశాస్త్ర ప్రయోగశాల, కల్పాక్కంలో అణు పరిశోధన కేంద్రం ఉన్నాయి. చాలాచోట్ల ఎక్కువ పీడనపు హైడ్రోజన్‌లో పగులు పెరుగుదలను కొలిచే యంత్రాలు సమకూర్చుకోవాలి. ఆ ఖర్చు వెయ్యి కిలోమీటర్ల లైనులో మిగిలిన మూడు హౌరా బ్రిడ్జిల ఖరీదు ముందు ఏపాటిది?

పరీక్షకు కొత్త పైపు ముక్కలొక్కటే పంపితే ఉపయోగం తక్కువ. పదేళ్ళు, ఇరవై ఏళ్ళు నేలలో ఉన్న గొట్టాన్ని ఏ కారణంగానైనా కోసి మార్చినప్పుడు, ఆ ముక్క ఇప్పుడు పాత ఇనుము కింద పోవడానికే ఎక్కువ అవకాశం ఉంది. అదే అసలు సాక్షి. వెల్డుతో సహా ఆ ముక్కను ప్రయోగశాలకు పంపాలని మీ నియమాల్లో ఒక్క వాక్యం చేర్చండి. ఫలితాలను కంపెనీ రహస్యమని అటకెక్కించకుండా, లైను పేరు, గ్రేడు, వేసిన ఏడాది, వెల్డు గట్టితనం, పూత రకం, ఏ పిగ్ ఎప్పుడు పంపారో అన్నీ అందరూ చూడగలిగేలా మీ వెబ్‌సైట్లో పెట్టించండి. ఆ లైను దారిలో ఉన్న పంచాయతీలకు వాటి సారాంశం బెంగాలీలో, ఒడియాలో, తెలుగులో వెళ్ళాలి. నగరం గ్రామంలో గ్యాసు వాసన వస్తోందని ఊరివాళ్ళు ముందే చెప్పారన్న మాట అప్పట్లో గట్టిగా వినిపించింది. చెప్పేవాళ్ళకు లైనులో ఏముందో తెలిస్తే ఇంకా గట్టిగా చెప్తారు, వినేవాళ్ళకు తప్పించుకునే దారి ఉండదు.

హైడ్రోజన్ కలపడం వల్ల వచ్చే లాభం ఎంతో కూడా ఒకసారి లెక్క చూడండి. ఘనపరిమాణంలో హైడ్రోజన్‌కు సహజవాయువు శక్తిలో మూడో వంతే ఉంది. 10 శాతం కలిపితే కర్బన ఉద్గారాలు తగ్గేది 3 శాతం చిల్లర. ఆ మూడు శాతం కోసం తొందరపడి ట్రంకు లైన్ల ఆయుష్షుతో ఆడుకోవలసినంత అవసరం నాకైతే కనపడలేదు. ఎరువుల ఫ్యాక్టరీలూ, రిఫైనరీలూ ఇప్పటికే ప్రధానంగా సహజవాయువు నుంచి తీసిన హైడ్రోజన్‌ను టన్నుల కొద్దీ వాడుతున్నాయి. పచ్చ హైడ్రోజన్‌ను ముందు అక్కడే, పుట్టిన చోటికి దగ్గరలోనే వాడితే ఏ పాత గొట్టాన్నీ పరీక్షకు పెట్టనక్కర్లేదు.

కవాస్ ప్రయోగాన్ని కొనసాగించండి, ప్లాస్టిక్ నెట్‌వర్కుల్లో ఇంకా చేయించండి. ఉక్కు ట్రంకు లైన్ల విషయంలో మాత్రం మీ ముందుకు వచ్చే ప్రతి దరఖాస్తునూ, ఆ లైను ఉక్కునూ వెల్డునూ హైడ్రోజన్‌లో పరీక్షించిన ఫలితాలు ప్రజల ముందుకు వచ్చేదాకా, ఆపి ఉంచమని కోరుతున్నాను. అది ఊర్జా గంగ అయినా, కోనసీమ లైనయినా, శ్రీకాకుళం మీదుగా పోయేదైనా.

ఇట్లు,
కోల్‌కతా నుంచి ఒక తెలుగు ఇంజనీరు